పంక్, హెవీ మెటల్ వాయించే పిల్లలకు ట్యూబు ఆంప్: కొనేముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

ఇంట్లో ఎలక్ట్రిక్ గిటారు వాయించే కొడుకో కూతురో ఉంటే ఏదో ఒక రోజు ఈ మాట వినాల్సి వస్తుంది: ‘‘నాన్నా, ఈ చిన్న ఆంప్‌తో కుదరడం లేదు, ట్యూబు ఆంప్ కావాలి.’’ ధర కనుక్కుంటే గుండె గుభేలుమంటుంది. పెద్ద హెడ్డు, దాని కింద నాలుగు స్పీకర్ల పెట్టె కలిపి కొత్తవి కొంటే ఒక స్కూటరు ధర దాటిపోతుంది. పైగా వాయించేది పంక్, హెవీ మెటల్. మూడు తరాలుగా బెంగళూరులోనో, చెన్నైలోనో, షోలాపూర్‌లోనో ఉంటూ ఇరుగుపొరుగు చేత మంచి అనిపించుకున్న కుటుంబానికి అదొక బెంగ.

ఈ సంగీతం మనం స్థిరపడ్డ ఊళ్లకు కొత్తదేమీ కాదు. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ మైదానంలో వాయించాయి. ఆ గుంపులో నిలబడ్డ కుర్రాళ్లలో చాలామందికి ఇప్పుడు నలభై దగ్గరపడింది. కాబట్టి ‘ఈ గోల మనకెందుకు’ అనే వాదన పక్కన పెడదాం. డబ్బు పెట్టక తప్పదనుకున్నప్పుడు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నదే ఇక్కడ విషయం. పిల్లల చెవులు, ఇంటి కరెంటు కూడా ఇందులో ఉన్నాయి.

తాతయ్య రేడియోలో ఉన్నదే

పాత వాల్వు రేడియో చూసినవారికి ట్యూబు ఆంప్ సగం తెలిసినట్టే. స్విచ్ వేయగానే పలికేది కాదు. లోపల గాజు బుడ్లు వెలిగి, వేడెక్కి, అర నిమిషానికి గొంతు విప్పేది. బ్రిటన్‌వాళ్లు వాల్వు అంటారు, అమెరికావాళ్లు ట్యూబు అంటారు, వస్తువు ఒక్కటే. బెంగళూరు జాలహళ్లిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఒకప్పుడు రేడియో వాల్వులు తయారుచేసింది.

గాలి తీసేసిన ఆ గాజు బుడ్డిలో వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ప్లేటు అనే రేకు వైపు పరుగెడతాయి. మధ్యలో జల్లెడ లాంటి గ్రిడ్ ఉంటుంది. గిటారు నుంచి వచ్చే బలహీనమైన సంకేతం ఆ గ్రిడ్ మీద పడి, పెద్ద ప్రవాహాన్ని కాలువ తూములా పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. చిన్న శబ్దం పెద్దది కావడమంటే ఇంతే.

ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియో, టీవీ అన్నీ దానికి మారిపోయాయి. గిటారువాళ్లు మాత్రం పూర్తిగా మారలేదు. దానికి కారణం ట్యూబులోని ఒక లోపమే. తాహతుకు మించి సంకేతం పంపితే ట్యూబు దాన్ని యథాతథంగా పెంచలేదు. శబ్ద తరంగం కొనలు చదునైపోతాయి. అలా చదునైనప్పుడు అసలు స్వరంలో లేని పైస్వరాలు పుడతాయి. శబ్దం చిక్కబడుతుంది, గరుకెక్కుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. దీన్నే డిస్టార్షన్ అంటారు. తంబూరా తీగల కింద దారం ముక్క పెట్టి జీవ పట్టించడం తెలిసినవారికి ఇది వింతగా అనిపించదు. అక్కడా శుభ్రమైన తీగ నాదానికి కావాలనే ఒక గరుకు కలుపుతారు, పైస్వరాలు వికసించేది అందువల్లే. దారి వేరు, కోరిక ఒక్కటే. మామూలు ట్రాన్సిస్టర్ సర్క్యూట్ తరంగం కొనను కత్తితో కోసినట్టు కోస్తుంది. ట్యూబు మెల్లమెల్లగా వంచుతుంది, వేలి ఒత్తిడి తగ్గిస్తే మళ్లీ శుభ్రపడుతుంది. గిటారు పట్టినవాళ్లు ‘చేతికి తెలుస్తుంది’ అనేది దీని గురించే.

పంక్, హెవీ మెటల్ గిటారులో వినిపించేవి ఎక్కువగా పవర్ కార్డులు. మన భాషలో చెప్పాలంటే షడ్జమం, పంచమం రెండే, గాంధారం ఉండదు. డిస్టార్షన్‌లో స-ప జంట గట్టిగా నిలబడుతుంది. గాంధారం కలిపితే స్వరాలు ఒకదానితో ఒకటి రాపిడి పడి బురదలా వినిపిస్తాయి. మీ పిల్లలు వాయించేది ‘ఒకే రకం మోత’ అనిపించడానికి ఇదొక కారణం. వాళ్ల సోమరితనం కాదు.

గరుకు ఎక్కడ పుట్టాలి?

కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. చాలామంది బ్రాండు దగ్గర మొదలుపెట్టి తప్పుదారి పడతారు.

ట్యూబు ఆంప్‌లో రెండు అంచెలు ఉంటాయి. ముందు ప్రీఆంప్. అందులో 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబులు. యూరప్‌లో వీటినే ఈసీసీ83 అంటారు. తర్వాత పవర్ ఆంప్. అందులో ఈఎల్34, 6ఎల్6, ఈఎల్84 లాంటి పెద్ద ట్యూబులు. స్పీకరును కదిలించేది ఇవే. గరుకు ప్రీఆంప్‌లోనూ పుట్టవచ్చు, పవర్ ఆంప్‌లోనూ పుట్టవచ్చు. పవర్ ఆంప్‌లో పుట్టాలంటే వాల్యూమ్ పూర్తిగా పెంచక తప్పదు. ప్రీఆంప్‌లో పుట్టేదైతే మాస్టర్ వాల్యూమ్ అనే రెండో మరతో బయటి శబ్దాన్ని తగ్గించుకోవచ్చు.

చరిత్ర చూస్తే తేడా తేటతెల్లమవుతుంది. లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1962లో తయారుచేయించిన తొలి ఆంప్ జేటీఎం45కి నమూనా అమెరికాలోని ఫెండర్ బాస్‌మన్. దానికి మాస్టర్ వాల్యూమ్ లేదు. గరుకు కావాలంటే గోడలు అదరాల్సిందే. 1981లో వచ్చిన మార్షల్ జేసీఎం800లో 100 వాట్ల మోడల్, 2203 నంబరుది, మాస్టర్ వాల్యూమ్‌తో ప్రసిద్ధమైంది. పంక్‌కూ, ఆ తరం మెటల్‌కూ అదే కొలమానమైంది. నాలుగు ఈఎల్34లు, మూడు ఈసీసీ83లు, ఒకే ఒక్క గొంతు. మధ్యస్థాయి నాదం ముందుకొచ్చి ముఖం మీద కొట్టినట్టుంటుంది. పంక్‌కు కావాల్సింది అదే. అతి గరుకు అక్కర్లేదు, కొట్టిన దెబ్బ వెంటనే వినిపించాలి. రామోన్స్ బృందంలో జానీ రామోన్ మోస్‌రైట్ గిటారును మార్షల్ ఆంప్‌లకు తగిలించి వాయించాడు. సెక్స్ పిస్టల్స్ గిటారిస్టు స్టీవ్ జోన్స్ మాత్రం 1977 నాటి వాళ్ల ఆల్బమ్‌లో ఫెండర్ ట్విన్ రివర్బ్ వాడాడు. శుభ్రమైన నాదానికి పేరుపడ్డ ఆంప్ అది. పంక్ ఆంప్ అని వేరే జాతి ఏమీ లేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

హెవీ సంగీతం దారి వేరు. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్న టోనీ అయోమీ, వేళ్లకు తొడుగులు పెట్టుకుని, తర్వాత తీగల బిగువు కూడా తగ్గించి వాయించాడు. బ్లాక్ సబ్బత్ ఆ మంద్రమైన నాదం అదే ఊరి లేనీ ఆంప్‌ల నుంచి వచ్చింది. తర్వాతి తరం ఇంకా గరుకు, ఇంకా బిగువు కోరింది. మెటాలికా 1986 ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ పప్పెట్స్’లో మీసా బూగీ మార్క్ 2సీ ప్లస్ వాడారు. 1992లో ఎడ్డీ వాన్ హేలెన్ కోసం పీవీ కంపెనీ తెచ్చిన 5150, తర్వాత 6505గా పేరు మార్చుకుని, మెటల్ బృందాలకు ఇంటి ఆంప్ అయిపోయింది. వీటిలో గరుకు దాదాపు అంతా ప్రీఆంప్‌లోనే పుడుతుంది. అందువల్ల ఇవి 100 వాట్లవైనా మరీ గట్టిగా పెట్టకుండానే పలుకుతాయి. వింతగా అనిపించినా, ఇంట్లో వాయించడానికి పాతకాలపు 30 వాట్ల ఆంప్ కన్నా మాస్టర్ వాల్యూమ్ బాగా పనిచేసే ఇలాంటి ఆంప్ తక్కువ తలనొప్పి.

మరో సంగతి. మామూలు గిటారులో అన్నిటికన్నా లావు తీగ దాదాపు 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. మెటల్ వాళ్లు దాన్ని 73కు దించుతారు, ఏడు తీగల గిటారైతే 62 దాకా పోతుంది. అంత కింద గరుకు ఎక్కువైతే నాదం వదులైపోయి గడగడలాడుతుంది. అందుకే చాలామంది ఆంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టి, అందులో డ్రైవ్ బాగా తగ్గించి, లెవెల్ పెంచుతారు. అది కింది మంద్రాన్ని కోసి ఆంప్‌కు బిగువు ఇస్తుంది. పిల్లలు ‘ఇంకా పెద్ద ఆంప్ కావాలి’ అన్నప్పుడు ముందు ఈ పెడల్ కొనిచ్చి చూడండి. ఆంప్ ధరలో చిన్న భాగంతో పని జరిగిపోవచ్చు.

వాట్ల మాయ

దుకాణంలో అందరూ మోసపోయేది ఇక్కడే. 100 వాట్ల ఆంప్ 50 వాట్ల దానికన్నా రెట్టింపు గట్టిగా వినిపించదు. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి అది ‘కాస్త ఎక్కువ’. చెవికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. అంటే 10 వాట్ల ట్యూబు ఆంప్ 100 వాట్ల దానిలో సగం గట్టిగా వినిపిస్తుంది. పదో వంతు కాదు.

తిరగేసి చూస్తే భయం వేస్తుంది. గిటారు స్పీకర్లు ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ పలుకుతాయి. 15 వాట్లు పంపితే 110 చుట్టూ. మన దేశపు శబ్ద కాలుష్య నిబంధనలు (2000) నివాస ప్రాంతాలకు పెట్టిన పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్. ‘ఒక్క వాట్ ఆంపే కదా, ఇంట్లోకి సరిపోతుంది’ అని అమ్మేవారు చెబితే ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. గోడకు గోడ ఆనుకున్న వఠారంలో ఒక్క వాట్ కూడా ఎక్కువే.

చెవుల సంగతి ఇంకా ముఖ్యం. పని స్థలాల్లో వినికిడి కాపాడటానికి అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ సూచించే లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దం దగ్గర 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. గదిలో డ్రమ్ములు కొడుతుంటే అవే ఆ స్థాయి దాటేస్తాయి. ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. చెవుల్లో గుయ్‌మనే మోత మొదలైతే జీవితాంతం ఉండిపోవచ్చు. ఆంప్ కొనే రోజే సంగీతకారులు వాడే ఇయర్‌ప్లగ్‌లు కూడా బిల్లులో వేయించండి. ఈ ఒక్క విషయంలో పిల్లల మాట వినొద్దు.

మరి 100 వాట్లు ఎందుకు పుట్టాయంటే, 1960ల్లో హాలుకు శబ్దం అందించే మైకు వ్యవస్థ బలహీనంగా ఉండేది. గిటారు శబ్దం ఆంప్ నుంచే హాలంతా పాకాలి. ద హూ బృందంలోని పీట్ టౌన్‌షెండ్ లాంటివారు మార్షల్‌ను ఇంకా గట్టిది కావాలని అడిగింది అందుకే. ఇప్పుడు స్పీకర్ ముందు మైకు పెట్టి పెద్ద స్పీకర్లకు పంపుతారు. మంద్ర తీగలు బిగువుగా పలకడానికి కొంత అదనపు శక్తి ఉపయోగపడుతుంది, ఆ మాట నిజం. డ్రమ్మర్‌తో కలిసి వాయించే మెటల్ బృందానికి 50 వాట్లు దండిగా సరిపోతాయి. పంక్‌కైతే 15, 20 వాట్లతో వేదిక మీద నెట్టుకొచ్చేవాళ్లు ఎందరో.

నా మట్టుకు, మొదటి ట్యూబు ఆంప్‌గా 20 వాట్ల చుట్టూ ఉన్న హెడ్డు, ఒకటో రెండో 12 అంగుళాల స్పీకర్ల పెట్టె తీసుకోమంటాను. పంక్ వైపు మొగ్గు ఉంటే రెండు ఈఎల్34లున్న మార్షల్ డీఎస్ఎల్20 లాంటిది. దాన్ని 10 వాట్లకు తగ్గించుకోవచ్చు. ఆరెంజ్ టైనీ టెర్రర్ 15 వాట్లది, 7కు తగ్గుతుంది. మెటల్ వైపైతే 6505కు చిన్న తమ్ముడైన పీవీ 6505 ఎంహెచ్. ఇది 20 వాట్లది, 5కు, 1కి తగ్గుతుంది. వేదికలు పెరిగాక 50 వాట్లకు మారొచ్చు. 100 వాట్ల దానికి పవర్ ట్యూబులు నాలుగు కావాలి, చిన్నవాటికి రెండు చాలు. తరచూ వాయించేవారు ఒకటి నుంచి మూడేళ్లకోసారి ఆ ట్యూబులు మార్చాల్సి వస్తుంది. గిటారు ఆంప్‌లకు కావాల్సిన ట్యూబులు ఇప్పుడు ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచే వస్తున్నాయి. 2022లో యుద్ధం మొదలయ్యాక వాటి సరఫరా కుంటుపడి ధరలు పెరిగాయి. ఆంప్ ధర ఒక్కసారి కట్టేది, ట్యూబుల ఖర్చు దాని వెంటే వచ్చేది.

స్పీకర్‌ను తక్కువ అంచనా వేయకండి. అదే ఆంప్‌ను వేరే స్పీకర్‌కు తగిలిస్తే వేరే ఆంప్ అనిపిస్తుంది. సెలెస్టియన్ వారి 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ మెత్తగా, పాతకాలపు రాక్‌లా పలుకుతుంది. 60 వాట్ల వింటేజ్ 30 మధ్యస్థాయిని ముందుకు తోస్తుంది, మెటల్ రికార్డింగుల్లో ఎక్కువగా వినేది దీన్నే. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు మిడ్ మరను సున్నాకు దించితే గంభీరంగా ఉంటుంది. బృందంలో డ్రమ్ములు, బాస్ కలిశాక ఆ గిటారు మాయమైపోతుంది. కొత్తగా బృందం కట్టిన పిల్లలు ‘నా గిటారు వినపడటం లేదు’ అని పెద్ద ఆంప్ అడగడానికి చాలాసార్లు ఇదే కారణం. మిడ్ పెంచమనండి, ఖర్చు లేదు.

కరెంటు దగ్గర జాగ్రత్త

ట్యూబు ఆంప్ లోపల 400, 500 వోల్టులు తిరుగుతుంటాయి. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో ఆ కరెంటు నిలిచి ఉంటుంది. రేడియోలు విప్పిన అలవాటున్న మామయ్య ఇంట్లో ఉన్నా సరే, దీన్ని విప్పనివ్వకండి. వాల్వుల పని తెలిసిన మెకానిక్ కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబై లామింగ్టన్ రోడ్డు వైపు వాకబు చేస్తే దొరకవచ్చు. చిన్న ఊళ్లలో ఉండేవారు కొనేముందే ఈ ఏర్పాటు చూసుకోవాలి. పాడైతే 20 కిలోల హెడ్డును బస్సులో వేసుకెళ్లడం తమాషా కాదు.

అమెరికాలో ఉన్న బాబాయో అక్కో వచ్చేటప్పుడు ఆంప్ తెస్తారని ఆశపడే ఇళ్లు మనలో చాలానే. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడి ఆంప్‌ను నేరుగా మన గోడకు తగిలిస్తే ఫ్యూజు పోతే అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఆంప్ ధరలో పెద్ద వాటా పోయినట్టే. కొన్నిటికి వెనక వోల్టేజి మార్చే స్విచ్ ఉంటుంది, కొన్నిటికి ఉండదు. కొనేముందు వెనక పలక ఫొటో తెప్పించి చూడండి. స్విచ్ లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆంప్ మీద రాసిన కరెంటు వాడకం కన్నా కనీసం ఒకటిన్నర రెట్ల సామర్థ్యం ఉన్నది తీసుకోండి. ఆంప్‌కు 50 హెర్ట్జ్ పనికొస్తుందని కూడా ఆ పలక మీద రాసి ఉండాలి. 60కే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర ఎక్కువ వేడెక్కుతుంది.

మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచి రెండు రంధ్రాల సాకెట్‌లో దూర్చే అలవాటు ఎక్కడున్నా మాన్పించండి. గిటారు తీగలు ఎర్త్‌కు కలిసి ఉంటాయి, చేతులు తీగల మీదే ఉంటాయి. పాత ఇంట్లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే ఆంప్ పెట్టండి. స్పీకర్ తగిలించకుండా ట్యూబు ఆంప్‌ను ఎప్పుడూ వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది. ఆంప్ మీద 8 ఓములు అని ఉంటే పెట్టె కూడా 8 ఓములదే కావాలి. రెంటి మధ్య స్పీకర్ తీగే వాడాలి, గిటారు తీగ కాదు.

పాతది కొంటుంటే మీ గిటారునే తీసుకెళ్లి అరగంట వాయించి చూడండి. వేడెక్కాక బయటపడే జబ్బులే ఎక్కువ. పవర్ ట్యూబు లోపలి ప్లేటు ఎర్రగా మండుతుంటే వెంటనే ఆపేయించండి. పెన్సిల్ వెనక భాగంతో చిన్న ట్యూబులను మెల్లగా తట్టితే స్పీకర్‌లో గంట మోగినట్టు వస్తే ఆ ట్యూబు మార్చాల్సిందే. అది పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది. ఏమీ వాయించకుండానే గుమ్మని పెద్ద మోత వస్తే కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. ఆ ఖర్చు ధరలోంచి తీసేయమని అడగండి.

అసలు ట్యూబే కావాలా అన్న ప్రశ్న కూడా ఉంది. పాంటెరా గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్‌కు పేరు తెచ్చిన నాదం ర్యాండల్ ట్రాన్సిస్టర్ ఆంప్‌లదే. స్వీడన్ డెత్ మెటల్ గరుకు బాస్ హెచ్ఎం-2 అనే చిన్న పెడల్‌లోంచి వచ్చింది. వారానికి ఒక్కసారి కూడా బృందంతో కలవని పిల్లలకు హెడ్‌ఫోన్లతో వాయించుకునే డిజిటల్ పరికరం కొనివ్వడమే మంచిది. వారంవారం డ్రమ్మర్‌తో గది అద్దెకు తీసుకుని వాయిస్తున్నారంటే ట్యూబు మాట ఎత్తే సమయం వచ్చినట్టు.

చివరగా మోత బరువు. నాలుగు స్పీకర్ల మార్షల్ పెట్టె సుమారు 35 కిలోలు. ఆటోలో పట్టదు, లిఫ్టు లేని మూడో అంతస్తు ఇంటికి ఇద్దరు పట్టుకున్నా ఆయాసమే. ఒకే స్పీకర్ పెట్టె ఆటో వెనక సీటులో కూర్చుంటుంది, హెడ్డు ఒడిలో పెట్టుకోవచ్చు.